కొలతకు నిలిచే నియమం

హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా-ఈ రేసు జరిగింది. పూర్తిగా బ్యాటరీతో నడిచే కార్ల ప్రపంచ చాంపియన్‌షిప్ మన దేశానికి రావడం అదే మొదటిసారి. సచివాలయం, లుంబినీ పార్కు పక్క రోడ్లనే మలిచి సుమారు 2.8 కిలోమీటర్ల ట్రాకు వేశారు. అందులో 18 మలుపులు. ఫ్రాన్స్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. న్యూజిలాండ్ డ్రైవర్ నిక్ కాసిడీ రెండో స్థానంలో, స్విట్జర్లాండ్‌కు చెందిన సెబాస్టియన్ బ్యూమీ మూడో స్థానంలో గీత దాటారు. కానీ తుది ఫలితాల్లో మూడో స్థానం బ్యూమీకి దక్కలేదు. అతని కారు అనుమతించిన దానికన్నా ఎక్కువ పవర్ వాడిందని తేల్చి అతని సమయానికి 17 సెకన్లు కలిపారు. దాంతో అతను పాయింట్లు వచ్చే మొదటి పది స్థానాల కిందికి జారిపోయాడు. మూడో స్థానం పోర్చుగల్ డ్రైవర్ ఆంటోనియో ఫెలిక్స్ డ కోస్టాకు వెళ్లింది.

బ్యూమీ ఎవరినీ గుద్దలేదు, అడ్డదారి తొక్కలేదు. గ్యాలరీలో కూర్చున్న వేలమందిలో ఒక్కరికి కూడా అతని కారులో తేడా కనిపించి ఉండదు. ఆ తప్పును పట్టింది కొలత. ఈ అధ్యాయం అలాంటి కొలతల గురించి. సాంకేతిక నియమాలు ఎక్కడ నిలబడతాయి, ఎక్కడ కాగితానికే మిగిలిపోతాయి, వాటికీ ఖర్చుకూ ఉన్న సంబంధమేమిటి? ఈ ప్రశ్నలకు మోటారు రేసుల చరిత్రలో, ముఖ్యంగా అమెరికా స్టాక్ కార్ రేసుల చరిత్రలో మంచి జవాబులు దొరుకుతాయి. మన రామగుండం, గోదావరిఖని బొగ్గు బెల్టులోనూ అవే ప్రశ్నలు రోజూ ఎదురవుతాయి.

వోల్టులు, ఆంపియర్లు

బ్యూమీ నడిపిన తరం కార్లకు రేసులో సాధారణ గరిష్ఠ పవర్ 300 కిలోవాట్లు. సుమారు 400 హార్స్‌పవర్ అన్నమాట. ‘అటాక్ మోడ్’ అనే కొద్ది నిమిషాల వెసులుబాటులో మాత్రం 350 కిలోవాట్ల దాకా వాడుకోవచ్చు. ఓపెన్‌కాస్ట్ గనుల్లో తిరిగే వంద టన్నుల డంపరు ఇంజిను సుమారు వెయ్యి హార్స్‌పవర్ ఉంటుంది. దాంట్లో సగం కూడా లేని పవర్‌తో ఈ కారు గంటకు 300 కిలోమీటర్లు దాటగలదు. కారణం బరువే. డ్రైవరుతో కలిపినా కారు 840 కిలోలు.

పవర్‌ను కొలవడం విద్యుత్తులో చాలా తేలిక. బ్యాటరీ వోల్టేజీని, బయటికి వెళ్లే కరెంటును గుణిస్తే సరిపోతుంది. 800 వోల్టుల దగ్గర 375 ఆంపియర్లు పారితే సరిగ్గా 300 కిలోవాట్లు. ఒక్క సెన్సరుతో, కారు పరుగెడుతుండగానే, సెకనులో చిన్న భాగానికి కూడా ఈ లెక్క తీయవచ్చు. పరిమితి దాటిన క్షణం రికార్డులో ఉండిపోతుంది. దానిమీద వాదనకు తావు చాలా తక్కువ. అందుకే హైదరాబాద్‌లో ఆ తీర్పు రేసు రోజే వచ్చింది.

ఈ తేలిక అన్నింటికీ ఉండదు. కొలవాల్సిన వస్తువు తీగలో పారే కరెంటు కాకుండా వ్యాగన్లలో పోసిన బొగ్గు అయితే కథ మారిపోతుంది.

ఒక్క గ్రాము చెప్పే తీర్పు

రామగుండంలోని ఎన్టీపీసీ కేంద్రం 2,600 మెగావాట్లది. దాని మొదటి యూనిట్ 1983లో మొదలైంది. సింగరేణి గనుల నుంచి బొగ్గు దాన్ని నలిపి వ్యాగన్లకు ఎత్తే సీహెచ్‌పీలకు, అక్కడి నుంచి వ్యాగన్లలో కేంద్రానికి చేరుతుంది. ఆ బొగ్గు ధర దాని గ్రేడును బట్టి ఉంటుంది. గ్రేడు నిర్ణయించడమంటే ఒక సాంకేతిక నియమాన్ని రోజూ అమలు చేయడమే.

పూర్వం మన దేశంలో ఏ నుంచి జీ దాకా గ్రేడ్లుండేవి. బొగ్గులోని బూడిద శాతాన్ని, తేమ శాతాన్ని కలిపి 138తో గుణించి, 8,900 నుంచి తీసివేస్తే వచ్చే అంకెను బట్టి గ్రేడు వేసేవారు. ఈ పద్ధతిలో వేడిని నేరుగా కొలిచేవారు కాదు, లెక్కకట్టేవారు. 2012 జనవరి నుంచి జీ-1 నుంచి జీ-17 దాకా కొత్త గ్రేడ్లు వచ్చాయి. కిలో బొగ్గు కాలితే ఎన్ని కిలోకేలరీల వేడి వస్తుందో కొలిచి, 300 కిలోకేలరీలకు ఒక మెట్టు చొప్పున పేర్చారు. ఉదాహరణకు 4,301 నుంచి 4,600 దాకా జీ-10. ఒక్క కిలోకేలరీ పెరిగి 4,601 అయితే జీ-9.

ఇప్పుడు కొలత దగ్గరికి వెళ్దాం. ఒక పెద్ద రేకులో, అంటే ఒక గూడ్సు రైలు వ్యాగన్లన్నిటిలో కలిపి, నాలుగు వేల టన్నుల దాకా బొగ్గు ఉంటుంది. అంటే 400 కోట్ల గ్రాములు. ల్యాబులో బాంబ్ క్యాలరీమీటర్ అనే ఉక్కు పాత్రలో కాల్చేది సుమారు ఒక గ్రాము. ఆ ఒక్క గ్రాము మిగతా 400 కోట్ల గ్రాముల తరఫున సాక్ష్యం చెప్పాలి.

అందుకే శాంపిల్ తీయడంలో అంత తతంగం. బొగ్గు సరఫరా ఒప్పందాల్లో సాధారణంగా ఉండే పద్ధతి ఇది. రేకులో కొన్ని వ్యాగన్లను ముందే తెలియకుండా ఎంపిక చేస్తారు. వ్యాగన్ పైపొరను పావు మీటరు మేర తొలగించి, చదును చేసి, అప్పుడు పారతో కొద్దికొద్దిగా తీస్తారు. పైపొర ఎండకు ఆరిపోయి ఉంటుంది, లేదా వానకు తడిసి ఉంటుంది. కుదుపులకు సన్నటి పొడి కిందికి దిగి, పెద్ద పెళ్లలు పైన మిగులుతాయి. కాబట్టి పైపొర నిజం చెప్పదు. తీసిన బొగ్గును నలిపి, కుప్పపోసి, నాలుగు భాగాలుచేసి, ఎదురెదురు భాగాలు ఉంచి మిగతావి పారేస్తారు. మళ్లీ నలిపి, మళ్లీ నాలుగు భాగాలు చేస్తారు. చివరికి 212 మైక్రాన్ల జల్లెడ దాటే పొడి మిగులుతుంది. దాన్ని ప్యాకెట్లుగా కట్టి సీలు వేస్తారు. అమ్మినవారికొకటి, కొన్నవారికొకటి పోగా, తగాదా వస్తే తెరవడానికి రిఫరీ శాంపిల్ ఒకటి విడిగా దాస్తారు.

ల్యాబులో ఏం జరుగుతుందో అంకెల్లో చూస్తే ఇంకా ఆశ్చర్యం. ఉక్కు పాత్రలో ఆక్సిజన్‌ను సుమారు 30 రెట్ల వాతావరణ పీడనంతో నింపి, ఆ గ్రాము బొగ్గును విద్యుత్ తీగతో అంటిస్తారు. పాత్ర చుట్టూ ఉన్న నీరు వేడెక్కుతుంది. నీరు, పాత్ర కలిపి 2,400 గ్రాముల నీటితో సమానమనుకుందాం. గ్రాముకు 4,450 కేలరీలిచ్చే జీ-10 బొగ్గు ఆ నీటిని సుమారు 1.85 డిగ్రీలు వేడెక్కిస్తుంది. ఒక గ్రేడు మెట్టు వెడల్పు గ్రాముకు 300 కేలరీలు. దాన్ని 2,400తో భాగిస్తే డిగ్రీలో ఎనిమిదో వంతు. ఒక గ్రేడు నుంచి పక్క గ్రేడుకు మధ్య ఉన్న దూరం మొత్తం థర్మామీటరు మీద ఇంతే.

థర్మామీటరుతో చిక్కు లేదు. డిగ్రీలో వెయ్యో వంతును కూడా చూపే పరికరాలున్నాయి. చిక్కంతా వ్యాగన్ దగ్గర పార పట్టుకున్న చోట ఉంటుంది. అక్కడ ఒక రాతిముక్క ఎక్కువ పడినా, పైపొర సరిగా తీయకపోయినా, ల్యాబులోని సూక్ష్మత అంతా వృథా. అందుకే 2010ల మధ్య నుంచి విద్యుత్ కేంద్రాలకు వెళ్లే బొగ్గు శాంపిళ్ల బాధ్యతను ధన్‌బాద్‌లోని కేంద్ర గనుల, ఇంధన పరిశోధన సంస్థ వంటి మూడో పక్షాలకు అప్పగించడం మొదలైంది. అమ్మేవాడు, కొనేవాడు ఇద్దరూ నమ్మే చెయ్యి ఒకటి కావాల్సి వచ్చింది.

ఈ రెండు ఉదాహరణలను పక్కపక్కన పెట్టి చూడండి. హైదరాబాద్‌లో నియమం, కొలత ఒకదానికొకటి అతికినట్టు కుదిరాయి. బొగ్గు దగ్గర నియమం సూటిగా ఉన్నా కొలత కష్టం. కాబట్టి మనుషులు, సీళ్లు, రిఫరీ శాంపిళ్లు, వాటి ఖర్చు అన్నీ వచ్చి చేరాయి. ఏ నియమానికైనా అది రాసిన రోజునే తనిఖీ ఖర్చు కూడా పుట్టుకొస్తుంది.

స్ప్రింగు దగ్గర మొదలైన తగాదా

స్టాక్ కారు అంటే షోరూంలో ఎవరైనా కొనుక్కోగల మామూలు కారు. 1948లో అమెరికాలో పుట్టిన నాస్కార్ సంస్థ, అలాంటి కార్లతోనే పందెం జరగాలని, గెలుపు డ్రైవరు నేర్పును బట్టి ఉండాలని మరుసటి ఏడాది ఒక శ్రేణి మొదలుపెట్టింది. తర్వాత నాస్కార్‌లో అత్యున్నత శ్రేణిగా ఎదిగిన ఆ పోటీల్లో మొట్టమొదటి రేసు 1949 జూన్ 19న నార్త్ కరొలినా రాష్ట్రంలోని షార్లెట్‌లో మట్టి ట్రాకు మీద జరిగింది. గ్లెన్ డనవే అనే డ్రైవరు 1947 మోడల్ ఫోర్డ్ కారులో అందరికన్నా ముందు గీత దాటాడు.

రేసు తర్వాత తనిఖీ అధికారులు కారు కిందికి చూశారు. వెనక స్ప్రింగులు ఎడం చేసి బిగించి ఉన్నాయి. ఆ కారును దొంగసారా తరలించడానికి వాడేవారు. బరువు మోస్తూ, పోలీసుల నుంచి తప్పించుకుంటూ మలుపుల్లో బోల్తా పడకుండా ఉండటానికి చేసిన ఏర్పాటది. మట్టి ట్రాకు మలుపుల్లోనూ అది బాగా పనికొచ్చింది. అది షోరూం నుంచి వచ్చిన స్ప్రింగు కాదంటూ డనవేను అనర్హుడిగా ప్రకటించి, లింకన్ కారు నడిపిన జిమ్ రోపర్‌కు గెలుపు ఇచ్చారు. కారు యజమాని కోర్టుకెక్కాడు. కోర్టు ఆ దావాను కొట్టేసింది. తన నియమాలను తానే అమలు చేసుకునే హక్కు నాస్కార్‌కు ఆ విధంగా మొదటి రేసుతోనే స్థిరపడింది.

కానీ ‘షోరూంలో ఉన్నట్టే ఉండాలి’ అనే నియమాన్ని తనిఖీ చేయడమంటే కారులోని వేల భాగాలను ఒక్కొక్కటిగా సరిపోల్చడమే. ఒక్క స్ప్రింగు దొరికిందంటే దొరకనివి ఎన్నో ఉంటాయి. పైగా మామూలు కారు రేసు వేగాలకు సురక్షితం కాదు. చక్రాలు, ఇరుసులు, సీట్లు బలపరచడానికి మినహాయింపులివ్వక తప్పలేదు. ప్రతి మినహాయింపూ ఒక కొత్త సందు తెరిచింది.

ఆ సందుల్లో దూరడంలో పేరుపడ్డ మెకానిక్ స్మోకీ యూనిక్. అతను తర్వాతి కాలంలో చెప్పుకున్న కథ ఒకటుంది. నియమాల పుస్తకంలో పెట్రోలు ట్యాంకు పరిమాణం మీద పరిమితి ఉంది. ట్యాంకు నుంచి ఇంజినుకు వెళ్లే గొట్టం మీద ఏ మాటా లేదు. అందుకని అతను రెండంగుళాల లావు, పదకొండు అడుగుల పొడవు గొట్టం వేశాడట. అందులో ఎంత పెట్రోలు పడుతుందో మనమే లెక్క తీద్దాం. గొట్టం వ్యాసార్ధం 2.54 సెంటీమీటర్లు, అడ్డుకోత వైశాల్యం సుమారు 20 చదరపు సెంటీమీటర్లు, పొడవు 335 సెంటీమీటర్లు. ఘనపరిమాణం దాదాపు 6.8 లీటర్లు. అంతే పొడవున్న అరంగుళం గొట్టంలో పట్టేది అర లీటరు లోపే. వ్యాసం నాలుగింతలైతే వైశాల్యం పదహారింతలవుతుంది కదా.

ఈ కథలో అందరూ మెకానిక్ తెలివిని మెచ్చుకుంటారు. మనం చూడాల్సింది నియమంలోని లోపాన్ని. నాస్కార్ ఉద్దేశం కారులో మొత్తం ఇంధనం ఇంతకు మించకూడదని. పుస్తకంలో రాసింది ట్యాంకు ఇంతకు మించకూడదని. ఉద్దేశం ఒకటి, కొలిచేది ఇంకొకటి అయినప్పుడు మధ్యలో మిగిలిన జాగాలోకి తెలివైనవాడు తప్పకుండా వస్తాడు. బొగ్గుకు తూకం మాత్రమే చూసి నాణ్యత చూడకపోతే రాళ్లు కలవడం కూడా ఇదే కోవకు చెందుతుంది.

నాలుగు రంధ్రాల పలక

1987లో అలబామాలోని టాల్లడేగా ట్రాకు మీద బిల్ ఎలియట్ అర్హత పోటీలో గంటకు 212.809 మైళ్ల వేగం, అంటే 342 కిలోమీటర్లకు పైగా అందుకున్నాడు. అదే వారాంతం రేసులో బాబీ ఆలిసన్ కారు టైరు పగిలి, కారు గాల్లోకి లేచి ప్రేక్షకుల ముందున్న కంచెను చీల్చింది. కంచె ఆ దెబ్బకు పూర్తిగా తెగి ఉంటే ఎంతోమంది ప్రాణాలు పోయేవి. వేగం తగ్గించక తప్పదని అందరికీ అర్థమైంది.

ఎలా తగ్గించాలి? ఇంజినులోని ప్రతి భాగానికీ కొత్త పరిమితులు రాయవచ్చు. వాటిని తనిఖీ చేయాలంటే ప్రతి ఇంజినునూ విప్పాలి. నాస్కార్ ఎంచుకున్న దారి అంతకన్నా ఎంతో సులువైనది. 1988 నుంచి డేటోనా, టాల్లడేగా ట్రాకుల మీద కార్బురేటరు కింద ఒక అల్యూమినియం పలకను తప్పనిసరి చేసింది. పలకలో నాలుగు రంధ్రాలు. ఇంజినుకు వెళ్లే గాలి మొత్తం వాటిలోంచే పోవాలి.

దీని వెనకున్న సూత్రం మన పొయ్యిలోనూ, థర్మల్ కేంద్రపు బాయిలరులోనూ ఉన్నదే. ఇంధనం కాలాలంటే ఆక్సిజన్ కావాలి. గ్రాము పెట్రోలు పూర్తిగా కాలడానికి దాదాపు 15 గ్రాముల గాలి పడుతుంది. గాలి తగ్గితే ఎంత పెట్రోలు పోసినా ఉపయోగం లేదు. చిన్న రంధ్రంలోంచి గాలి వేగం ధ్వని వేగాన్ని అందుకున్నాక, ఇంజిను ఎంత గట్టిగా లాగినా అంతకు మించి గాలి రాదు. కాబట్టి రంధ్రం వ్యాసమే ఇంజిను పవర్‌కు పైకప్పు. ఇంజిను లోపల ఎన్ని మాయలు చేసినా ఆ కప్పు దాటి పోవడం చాలా కష్టం.

తనిఖీ కూడా అంత తేలికే. అధికారి రంధ్రంలో గేజి పెట్టి చూస్తే చాలు. ఇంకో మెలకువ కూడా ఉంది. పలకలను జట్లు తయారు చేసుకునేవి కావు. రేసు వారాంతంలో నాస్కార్ అధికారులే ఇచ్చి, తర్వాత వెనక్కి తీసుకునేవారు. కొలబద్ద కొలిచేవాడి చేతిలోనే ఉండాలన్నది ఇక్కడి పాఠం. రిఫరీ శాంపిల్‌కు సీలు వేసి దాచడంలో ఉన్న జాగ్రత్త కూడా ఇదే.

పలకకు తన ఇబ్బంది తనకుంది. అందరి పవర్ దాదాపు సమానమవడంతో కార్లన్నీ గుంపుగా కదలడం మొదలైంది. ఒకరు జారితే పది ఇరవై కార్లు గుద్దుకునేవి. ఒక ప్రమాదాన్ని ఆపిన నియమం ఇంకో రకం ప్రమాదాన్ని తెచ్చింది. నియమం రాసి పక్కన పెట్టేస్తే సరిపోదని, దాని ఫలితాన్ని ఏళ్ల తరబడి గమనిస్తూ ఉండాలని ఇది చెబుతుంది.

ఖర్చు ఎందుకు ఆగదు

ఇక ఖర్చు సంగతి. రేసులో విలువ ఉన్నది వేగానికి కాదు, స్థానానికి. ఒక జట్టు కోటి రూపాయలు పెట్టి సెకనులో పదోవంతు మెరుగుపడితే పక్క జట్టు కూడా కోటి పెడుతుంది. ఇద్దరి స్థానాలూ ఉన్నచోటే ఉంటాయి, రెండు కోట్లు మాత్రం పోతాయి. పక్కింటివాళ్ల పెళ్లికి మించి చేయాలని అప్పుచేసి పెళ్లి చేసే కుటుంబాలది ఇదే అవస్థ. ఖర్చు దండగని అందరికీ తెలుసు, ఒక్కరే ముందుగా తగ్గించుకోలేరు. అందరినీ ఒకేసారి ఆపే నియమం ఒకటి ఉంటే అందరికీ మేలు. అందుకే ఖర్చు నియంత్రణను జట్లు తమ మీద పెట్టిన ఆంక్షగా కాకుండా తమకు రక్షణగా కోరుకున్న సందర్భాలున్నాయి.

పైగా మెరుగుదల ముదిరేకొద్దీ దాని ధర పెరుగుతుంది. మొదటి లక్షకు వచ్చిన లాభం చివరి కోటికి రాదు. నాస్కార్‌లో పెద్ద జట్లు ఒక్కో రకం ట్రాకుకు ఒక్కో ప్రత్యేక కారు తయారు చేసుకునే స్థితికి చేరాయి. బాడీ రేకును మిల్లీమీటర్ల లెక్కన వంచి గాలి ఒరిపిడిని తగ్గించేవారు. వాళ్ల మీద కన్నేసి ఉంచడానికి నాస్కార్ తన తనిఖీని మెరుగుపరుచుకుంటూ వచ్చింది. మొదట చేతితో పట్టుకుని ఆనించే లోహపు టెంప్లేట్లు. 2007లో వాటన్నిటినీ కలిపిన పెద్ద చట్రం. 2018 నుంచి కారు మీద కాంతి నమూనాలు ప్రసరింపజేసి కెమెరాలతో చదివే స్కానింగ్ స్టేషన్. వంపు ఉన్నచోట కాంతి గీత కూడా వంగుతుంది. ఆ వంపు నుంచి కంప్యూటరు కారు ఆకారాన్ని లెక్కగట్టి అసలు డ్రాయింగుతో పోలుస్తుంది. తనిఖీ సూక్ష్మమయ్యేకొద్దీ జట్ల ఎత్తులూ సూక్ష్మమయ్యాయి. రెండు వైపులా ఖర్చే.

అమెరికాలోని చిన్న ఊళ్ల ట్రాకులు దీనికి ఒక చక్కని ఉపాయం వాడాయి. రేసు తర్వాత గెలిచినవాడి ఇంజినును ముందే నిర్ణయించిన తక్కువ ధరకు మరో పోటీదారు కొనుక్కోవచ్చు, అమ్మనంటే కుదరదు. ఈ ఒక్క షరతుతో ఎవరూ ఇంజిను మీద అంతకు మించి ఖర్చు పెట్టరు. తనిఖీ అధికారి అక్కర్లేదు, బిల్లులు చూడనక్కర్లేదు. నియమం తనంతట తానే అమలవుతుంది.

ఒకే చోట కొన్న భాగాలు

పెద్ద రేసుల్లో ఆ ఉపాయం సాగదు. అక్కడ నాస్కార్ 2022లో ‘నెక్స్ట్ జెన్’ కారు తెచ్చింది. చాసిస్, గేరుబాక్సు, చక్రాలు, బాడీ ప్యానెళ్లు వంటివి ఒక్కొక్కటి ఒకే సరఫరాదారు నుంచి అందరూ కొనాలి. ఒక్కో కారు నంబరుకు ఏడు కార్లకు మించి సిద్ధంగా ఉంచుకోకూడదు. కొన్న భాగాన్ని మార్చితే కఠిన శిక్ష. ఆ ఏడాది మార్చిలోనే బ్రాడ్ కెసెలౌస్కీ జట్టు అలాంటి భాగాన్ని మార్చిందని 100 పాయింట్లు కోసి, లక్ష డాలర్ల జరిమానా వేశారు.

అదే ఏడాది జూలైలో పొకోనో రేసులో డెన్నీ హామ్లిన్ గెలిచాడు, అతని జట్టు సహచరుడు కైల్ బుష్ రెండో స్థానం. తనిఖీలో కారు ముందు భాగాన అతికించిన రంగు పొర కింద టేపు కనిపించింది. ఐదున్నర అంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పు ముక్కలు. ఇద్దరినీ అనర్హులను చేసి, మూడో స్థానంలో వచ్చిన చేజ్ ఎలియట్‌కు గెలుపు ఇచ్చారు. నాస్కార్ అగ్రశ్రేణిలో విజేతను అనర్హుడిగా ప్రకటించడం 1960 తర్వాత అదే మొదటిసారి. శిక్ష తప్పుకు మించిందని చాలామందికి అనిపించింది. కానీ ‘కొన్న భాగాన్ని ముట్టుకోకూడదు’ అనే నియమంలో కొద్దిగా, ఎక్కువగా అనే తేడాలుండవు. ఈ కొద్దికి పరవాలేదంటే వచ్చే వారం అందరూ అంతకు కొంచెం ఎక్కువ అతికిస్తారు. మళ్లీ మిల్లీమీటర్ల వేట మొదలవుతుంది.

హైదరాబాద్‌లో పరుగెత్తిన ఫార్ములా-ఈ కార్లదీ ఇదే దారి. చాసిస్, బ్యాటరీ, టైర్లు అందరికీ ఒకటే. వెనక మోటారు, ఇన్వర్టరు, గేరుబాక్సు, వాటిని నడిపే సాఫ్ట్‌వేర్ మాత్రం ఎవరి తెలివి వారిది. రేపు రోడ్డు మీది కార్లకు పనికొచ్చే పరిశోధన ఎక్కడుందో అక్కడ స్వేచ్ఛ ఇచ్చి, మిగతాచోట్ల తలుపు మూసేశారు. అన్నీ ఒకేలా చేసేస్తే ఇంజనీరింగు పోటీ చచ్చిపోతుంది. ఏదీ ఒకేలా లేకపోతే డబ్బున్నవాడే మిగులుతాడు. ఎక్కడ గీత గీయాలో తేల్చడమే నియమాలు రాసేవారి అసలు పని.

డబ్బునే కొలిస్తే

భాగాలను కొలిచే బదులు డబ్బునే కొలవచ్చు కదా అనిపిస్తుంది. ఫార్ములా-1లో 2021 నుంచి జట్టు ఖర్చుకు 14.5 కోట్ల డాలర్ల మూల పరిమితి పెట్టారు. ఫార్ములా-ఈలో 2022 అక్టోబరు నుంచి జట్లకు ఏడాదికి 1.3 కోట్ల యూరోల పరిమితి వచ్చింది. ఉద్దేశం మంచిదే. కొలత మాత్రం కష్టం. ఒక ఉద్యోగి జీతం రేసు జట్టుదా, అదే కంపెనీలోని ఇంకో విభాగానిదా? క్యాంటీను ఖర్చు లెక్కలోకి వస్తుందా? వోల్టును ఆంపియరుతో గుణించినట్టు ఇది తేలదు. 2021లో రెడ్‌బుల్ జట్టు పరిమితిని 1.6 శాతం దాటిందని తేలి, 70 లక్షల డాలర్ల జరిమానా, గాలి సొరంగ పరీక్షల్లో 10 శాతం కోత ఖరారయింది 2022 అక్టోబరు చివర్లో. అప్పటికి ఆ జట్టు డ్రైవరు మాక్స్ వెర్‌స్టాపెన్ 2021 చాంపియన్‌షిప్ గెలిచి పది నెలలు దాటింది.

హైదరాబాద్‌లో కారులోని సెన్సరు అదే రోజు తీర్పు చెప్పింది. ఖాతా పుస్తకాలు తీర్పు చెప్పడానికి పది నెలలు పట్టింది. డబ్బు మీద పరిమితి అనవసరమని దీని అర్థం కాదు. దానికి తోడుగా సులభంగా కొలవగల భౌతిక పరిమితులు కూడా ఉండాలని అర్థం. ఆ రెండూ కలిస్తేనే ఖర్చు నిజంగా అదుపులోకి వస్తుంది.

మన విద్యార్థుల చేతిలో

ఈ పాఠాలన్నిటినీ మన పిల్లలు ఇక్కడే నేర్చుకునే చోటు ఒకటుంది. 2007లో మొదలైన ‘బాహా ఎస్‌ఏఈ ఇండియా’ పోటీలో ఇంజనీరింగు విద్యార్థులు ఒంటిసీటు బగ్గీని డిజైన్ చేసి, తయారు చేసి, రాళ్లలో గుట్టల్లో నడుపుతారు. పెట్రోలు బగ్గీలన్నిటికీ ఒకే రకం ఇంజిను. దాని గరిష్ఠ వేగాన్ని గవర్నరుతో బిగిస్తారు. డ్రైవరు చుట్టూ ఉండే రోల్ కేజ్ గొట్టానికి నియమాల్లో ఇచ్చే ప్రామాణిక కొలత ఇది. బయటి వ్యాసం 25 మిల్లీమీటర్లు, గోడ మందం 3 మిల్లీమీటర్లు, ఉక్కులో కార్బన్ కనీసం 0.18 శాతం. వెర్నియర్‌తో వ్యాసం తెలుస్తుంది, గొట్టానికి చిన్న రంధ్రం పెట్టి గోడ మందం చూస్తారు. తనిఖీలో నెగ్గని బండి ట్రాకు మీదికి పోదు. అన్నిటికన్నా మెచ్చుకోదగ్గ విషయం ఏమిటంటే బండి ఖర్చు నివేదికకూ మార్కులుంటాయి. వేగంగా పోయే బండి చేసినవాడు దాన్ని చవకగా ఎలా చేయవచ్చో కూడా చెప్పగలగాలి.

రామగుండం, గోదావరిఖని, మంథని పిల్లలకు ఈ విషయంలో ఒక మేలు ఉంది. పక్కనే డంపర్లు, షావెళ్లు, వే బ్రిడ్జిలు, బొగ్గు ల్యాబులున్నాయి. సెంటినరీ కాలనీలో జేఎన్‌టీయూ ఇంజనీరింగు కళాశాల ఉంది. నియమం, కొలత, ఖర్చు మూడూ రోజూ తలపడే ప్రాంతం ఇది. ఇక్కడ చదివి రేపు టెండరు షరతులు రాసేది, యంత్రాల స్పెసిఫికేషన్లు ఖరారు చేసేది, బొగ్గు ఒప్పందాలు చూసేది వీళ్లే.

వాళ్లకు నేను చెప్పదలచింది ఒక్కటే. కాగితం మీద షరతు రాసేముందు, దాన్ని ఎవరు, ఏ పరికరంతో, ఎంత ఖర్చుతో కొలుస్తారో పక్కనే రాయండి. ఆ రెండో గడి నింపలేకపోతే ఆ షరతు నిజాయతీపరుడికి శిక్ష, మోసగాడికి వరం అవుతుంది. దాన్ని కొట్టేసి, కొలతకు అందే ఇంకో షరతు వెతకండి. వెతికితే దొరుకుతుంది. 342 కిలోమీటర్ల వేగానికి కళ్లెం వేసింది నాలుగు రంధ్రాలున్న ఒక అల్యూమినియం పలక.